దక్షిణ ఇటలీలో ప్రశాంతంగా సైకిల్ తొక్కే రోడ్లు నిజంగా ఉన్నాయా?

పాతగేర్
పోయినేడు మేలో అమాల్ఫీ తీరంలో సైకిల్ తొక్కుదామని వెళ్ళాం, బుద్ధొచ్చింది. ఫోటోల్లో సముద్రం, కొండలు, నిమ్మతోటలు. తీరా వెళితే టూరిస్టు బస్సులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మధ్యలో మేము. మలుపులో బస్సు హారన్ వినబడగానే మా ఆవిడ సైకిల్ దిగి గోడకి బల్లిలా అతుక్కుపోయేది. రెండో రోజు మధ్యాహ్నానికే సైకిళ్ళు అద్దె షాపులో అప్పజెప్పేశాం. మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇవ్వలేదు, ఆ గొడవ ఇప్పుడెందుకు.

అయినా మనసు అటే లాగుతోంది. ఈసారి ఇటలీ బూటు మడమ వైపు, అంటే పూలియా వెళ్దామని ఉంది. ఉండేది స్టుట్‌గార్ట్‌లో. మా వయసు 48, 45. రోజుకు 50 కి.మీ. హాయిగా తొక్కుతాం, 70 దాటితే రాత్రి మోకాళ్ళు మాట్లాడతాయి. చేతిలో తొమ్మిది రోజులున్నాయి. అక్కడ నిజంగా వాహనాలు తక్కువుండే రోడ్లున్నాయా, అదీ ఫోటోల మాయేనా?

చైనుఊడింది
మోకాళ్ళు ఏ భాషలో మాట్లాడతాయండీ, జర్మనా?

పాతగేర్
మామూలుగా జర్మనే. తిట్లు మాత్రం తెలుగులో.

ఎదురుగాలి
అమాల్ఫీలో మీరు తొక్కింది ఎస్‌ఎస్ 163. ఆ తీరం వెంబడి సాగే ఒకే ఒక్క దారి అది, అందరూ దాని మీదే పోవాలి. తప్పు ఇటలీది కాదు, మీరు ఎంచుకున్న రోడ్డుది.

ఇటలీ వెళ్ళేవాళ్ళు ముందు రోడ్డు నంబరు ముందున్న అక్షరాలు చదవడం నేర్చుకోవాలి. ఎస్‌ఎస్ అంటే మన నేషనల్ హైవే లాంటిది. ఎస్‌పీ అంటే జిల్లా పరిషత్ రోడ్డు అనుకోండి. ఎస్‌సీ అంటే పంచాయతీ రోడ్డు. దానికంటే కింద పేరుకు ముందు కొంత్రాదా అని ఉంటుంది, అది పొలాల మధ్య నాలుగిళ్ళ పల్లె. పూలియాలో ఈ చివరి రకం రోడ్లు సాలెగూడులా అల్లుకుని ఉంటాయి. తారు వేసినవే. రెండు పక్కలా నడుమెత్తు రాతిగోడలు, ఒక కారు పట్టేంత వెడల్పు. గంటకు రెండు కార్లు, ఒక ట్రాక్టరు వస్తే గొప్ప.

పప్పుసుద్ద
ఆ రాతిగోడలకు సున్నం, మట్టి ఏమీ ఉండవు. రాయి మీద రాయి పేర్చడమే. ఆ పనితనాన్ని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మా తాతయ్య పొలం గట్టుకి పేర్చిన రాళ్ళు మాత్రం ఇంకా ఎవరి జాబితాలోనూ ఎక్కలేదు.

కొబ్బరిముక్క
నేను బొలోన్యాలో ఉండి తొమ్మిదేళ్ళు, పూలియా నాలుగుసార్లు తిరిగాను. ఎదురుగాలి గారు చెప్పింది సగమే. రోడ్డెంత ముఖ్యమో వేళా అంతే ముఖ్యం. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర, ఐదు దాకా ఊరికి ఊరే తలుపులేసుకుంటుంది. దాన్ని కొంత్రోరా అంటారు. షాపులు మూత, వీధిలో పిల్లి కూడా ఉండదు. ఉదయం పదింటికి లారీలు తిరిగిన జిల్లా రోడ్డు మీద కూడా రెండింటికి మీ చైను చప్పుడు మీకే వినబడుతుంది. అంత నిశ్శబ్దం యూరప్‌లో నేనింకెక్కడా చూడలేదు.

ఎదురుగాలి
అమ్మా, రెండింటికి ఎండలో తొక్కమని సలహా ఇవ్వకండి. జులైలో వెళితే వడదెబ్బే. నేను ఒకసారి జూన్ చివర్లో తొక్కి, ఒక చర్చి మెట్ల మీద గంట పడుకున్నాను. నీళ్ళయిపోయాయి, కొనుక్కుందామంటే ఒక్క కొట్టూ తీసిలేదు. మీరు చెప్పే కొంత్రోరా పుణ్యమే.

కొబ్బరిముక్క
నేను చెప్పేది ఏప్రిల్, అక్టోబరు మాట. ఏప్రిల్లో రెండింటికి 20 డిగ్రీలు, అంతకంటే సుఖమేముంది? జూన్‌లో వెళ్ళడం మీ పొరపాటు. ఇంక నీళ్ళకి కొట్టెందుకు? ప్రతి ఊళ్ళో పోత ఇనుముతో చేసిన పాత కొళాయి స్తంభం ఉంటుంది, మంచినీళ్ళే. చర్చి ముందు కూడలిలో వెతికారా అసలు?

ఎదురుగాలి
మెట్ల మీద పడుకున్నప్పుడు ఎదురుగానే ఉందట. లేచాక చూశాను.

చైనుఊడింది
😂 ఈ ఒక్క జవాబుకే ఈ థ్రెడ్ సేవ్ చేసుకున్నా.

నిదానమేప్రధానం
ఆ కొళాయిల వెనక పెద్ద కథ ఉంది. పూలియాలో నదులు దాదాపు లేవు, సున్నపురాయి నేల కాబట్టి వాన పడితే పడ్డట్టే కిందికి ఇంకిపోతుంది. అందుకని కొండలకు అవతల కపోసెలె అనే ఊరి దగ్గరి ఊటల నుంచి నీళ్ళు మళ్ళించారు. 1906లో పని మొదలైతే 1915కి పూలియా ముఖ్య నగరం బారీకి నీళ్ళొచ్చాయి. ఆ కాలువ భూమి లోపల పోతుంది, దాని మీద నిర్వహణ కోసం ఒక బాట ఉంది. ఇప్పుడు దాన్నే సైకిల్ బాటగా మారుస్తున్నారు. మొత్తం పూర్తయితే కపోసెలె నుంచి మడమ చివర లెవుకా దాకా 500 కి.మీ. ఉంటుంది. ఇప్పటికి ముక్కలు ముక్కలుగానే తయారైంది. పూలియా నడిమి ఇత్రియా లోయలో, చిస్తెర్నీనో అనే ఊరి చుట్టుపక్కల ఉన్న ముక్క బాగుంటుంది. మోటారు బళ్ళకు ప్రవేశం లేదు. నీటి వాలే బాట వాలు కాబట్టి చదునుగా సాగిపోతుంది. మీ మోకాళ్ళకు అంతకంటే మంచి దారి దొరకదు.

కొబ్బరిముక్క
నాకైతే అక్కడ తొక్కుతుంటే కాలవగట్టే గుర్తొచ్చింది. చిన్నప్పుడు బడికి కాలవగట్టు మీదే నాన్న సైకిల్ అడ్డతొక్కుడు తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. ఇక్కడ కాలవ కనబడదు, అదొక్కటే తేడా. కాస్త కంకర నేల కాబట్టి సన్న టైర్లు వద్దు, 35 మి.మీ. పైన వెడల్పున్నవి వేసుకోండి.

హైదరాబాదీ_హ్యాండిల్
మా ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ 23 కి.మీ. ఉంది కదా. ఎండా వానా తగలకుండా తొక్కొచ్చు. అంత దూరం ఎందుకు వెళ్తారో నాకర్థం కాదు.

చైనుఊడింది
అన్నా, ఆయన ఉండేది స్టుట్‌గార్ట్. ఆయనకి నీ ట్రాకే దూరం.

పాతగేర్
చాలా ఉపయోగపడుతున్నాయి, అందరికీ థ్యాంక్స్. రెండు సందేహాలు. ఒకటి, ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు, కుక్కలు. ఎక్కడో చదివాను, దక్షిణాన కుక్కలు వెంటపడతాయని. మా ఆవిడకి బస్సుల తర్వాత భయమంటే కుక్కలే.

ఎదురుగాలి
కుక్కలకి మన ఊరి మందే. సైకిల్ దిగి, రాయి తీస్తున్నట్టు వంగండి. చేతిలో రాయి లేకపోయినా పారిపోతాయి. ప్రపంచంలో ఏ ఊరకుక్కకైనా ఈ భాష అర్థమవుతుంది.

గొర్రెలమంద_దాటినవాడు
దయచేసి ఆ సలహా పాటించకండి! ఊరకుక్కల వరకూ సరే. ముర్జా పీఠభూమి మీద, మాతెరా వైపు కొండల్లో గొర్రెల మందలుంటాయి. వాటికి కాపలా మరెమ్మా జాతి తెల్ల కుక్కలు, దూడంత ఉంటాయి. తోడేళ్ళతో తలపడటానికి పెంచినవి. మీరు రాయి కోసం వంగితే వాటి లెక్కలో మీరే తోడేలు. నేను వంగాను. మూడు కుక్కలు చుట్టుముట్టాయి. కాపరి ఈల వేసేదాకా శ్రీ ఆంజనేయం.

మందను దూరం నుంచి చూడగానే ఆగిపోండి. సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకీ మధ్య అడ్డంగా పెట్టుకుని, కళ్ళలోకి చూడకుండా మెల్లగా నడిచి మందకు దూరమవ్వండి. వాటి హద్దు దాటగానే అవే వెనక్కి పోతాయి. ఇత్రియా లోయలో, తీరంలో ఈ బెడద నాకు తగల్లేదు.

ఎదురుగాలి
సరే, సవరించుకుంటున్నాను. రాయి భాష మందకుక్కలకు రాదు.

కొబ్బరిముక్క
దారి సంగతి. బారీలో విమానం దిగి, తీరం వెంబడి వెళ్ళే రీజనల్ రైలెక్కి మొనోపొలిలో దిగండి. సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె చూసి ఎక్కాలి, సైకిల్‌కి విడిగా టికెట్ అవసరమా అన్నది యాప్‌లో చూసుకోండి. హైస్పీడ్ రైళ్ళలో సైకిల్ విప్పి సంచిలో పెడితే తప్ప రానివ్వరు.

మొనోపొలి నుంచి లోపలికి వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క పెద్ద ఎత్తు ఉంది. తీర మైదానం నుంచి మెట్టెక్కినట్టు 300 మీటర్లకు పైగా ఒక్క దెబ్బలో ఎక్కాలి. ఎక్కాక మాత్రం పైన అంతా గుండ్రటి రాతి టోపీల ఇళ్ళు, ద్రాక్ష, బాదం, ఎర్రమట్టి. అల్బెరోబెల్లో టూరిస్టులతో కిటకిటలాడుతుంది, పొద్దున్నే చూసేసి బయటపడండి. లోకోరోతోందో, చిస్తెర్నీనో, ఓస్తూని వరసగా వస్తాయి, ఒక ఊరి నుంచి తర్వాతి ఊరికి 10-15 కి.మీ. ఈ భాగంలో నాలుగు రోజులు తిరిగినా తనివి తీరదు.

ఓస్తూని నుంచి ఇంకా దక్షిణాన ఉన్న లెచ్చె నగరానికి రైలెక్కేయండి. స్టేషన్ ఊరి కిందుగా కొన్ని కి.మీ. దూరంలో ఉంటుంది. తొక్కుకుంటూ వెళ్ళొచ్చు గానీ బ్రిండిసి చుట్టూ పెద్ద రోడ్లే. గూగుల్ మ్యాప్ మిమ్మల్ని నాలుగు వరుసల రోడ్డు ఎక్కించే చోటు కూడా అదే. లెచ్చె నుంచి ఓత్రాంతో, అక్కడి నుంచి తీరం వెంబడి లెవుకా, మళ్ళీ పడమటి తీరం మీదుగా గల్లీపొలి.

చైనుఊడింది
మొనోపొలిలో ఇళ్ళు కొనుక్కోవచ్చా? గల్లీపొలిలో గల్లీలున్నాయా?

కొబ్బరిముక్క
మొదటిదానికి డబ్బుండాలి. రెండోదానికి జవాబు ఉన్నాయనే. పాతఊరు సముద్రంలో చిన్న దీవి మీద, అంతా గల్లీలే.

పప్పుసుద్ద
తిండి గురించి ఎవరూ మాట్లాడరేం? శాకాహారులకు పూలియా స్వర్గం. ఫావె ఎ చికోరియా అని ఉంటుంది. ఎండిన బొబ్బర్ల లాంటి పెద్ద చిక్కుడు గింజల పప్పును మెత్తగా మెదిపి, పక్కన చేదు ఆకుకూర ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి ఇస్తారు. ముద్దపప్పు, ఆకుకూర అనుకోండి, నెయ్యి బదులు నూనె. ఒక్క జాగ్రత్త. చెవి ఆకారం పాస్తాలో ఆవజాతి ఆకుకూర వేసి చేసేదాంట్లో చాలాచోట్ల ఆంకోవీ చేప కలుపుతారు, కంటికి కనబడదు. అడిగి తినండి.

దారిలోకైతే ఫ్రిజెల్లె కొనుక్కోండి. రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టె. నీళ్ళలో ముంచి, టమాటా రుద్ది, ఉప్పు నూనె వేసుకోవడమే. కొట్లన్నీ మూసేసిన వేళ కొళాయి పక్కన కూర్చుని తినడానికే పుట్టింది.

నిదానమేప్రధానం
లెచ్చెలో కాఫీ మరిచిపోయారు. ఐసు ముక్కల మీద ఎస్‌ప్రెసో పోసి, తియ్యటి బాదం పాలు కలిపి ఇస్తారు. 61 ఏళ్ళ వయసులో ఎత్తులెక్కించిన మందు అది.

పప్పుసుద్ద
సార్, లెచ్చె చుట్టూ అంతా చదునే కదా, ఎత్తులెక్కడివి?

నిదానమేప్రధానం
హోటల్ మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

ఎదురుగాలి
ఓత్రాంతో-లెవుకా గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మొత్తం దారిలో తీరమంటే అదే. చాలా మటుకు ఎస్‌పీ 358. సుమారు 50 కి.మీ. ఓత్రాంతో దాటగానే పలాషియా కొన మీద లైట్‌హౌస్, ఇటలీ నేలకి తూర్పు చివర అది. ఆకాశం తేటగా ఉన్న పొద్దున అవతల అల్బేనియా కొండలు కనబడతాయి. తర్వాత రోడ్డు సముద్రానికి పైన కొండ అంచున పోతుంది. సాంతా చెజారెయా, కాస్త్రో, చోలో వంతెన. చదును మాత్రం కాదు. ప్రతి ఊరికీ దిగి, మళ్ళీ ఎక్కాలి. ఆగస్టులో కార్లు బారులు తీరతాయి, ముఖ్యంగా 15వ తేదీ పండగ వారంలో. ఏప్రిల్, అక్టోబరుల్లో వారం మధ్యన రోడ్డంతా మీకే.

దక్షిణానికే తొక్కండి. ఉత్తరపు గాలి వీస్తే వీపున తోస్తుంది. ఆగ్నేయం నుంచి షిరొక్కో వీస్తే మాత్రం ముఖాన తడి దుప్పటి కప్పినట్టుంటుంది. ఆ రోజు రెస్ట్ తీసుకోండి.

చైనుఊడింది
మీ హ్యాండిల్ పేరు ఆ రోజే పెట్టుకున్నారా?

ఎదురుగాలి
అవును.

పాతగేర్
మా ఆవిడకి చదివి వినిపించాను. ఆలివ్ తోటల మధ్య నీడలో తొక్కడం ఆవిడకి ముఖ్యమట. లెచ్చె కింద అంతా ఆలివ్ తోటలే కదా?

కొబ్బరిముక్క
ఇది ముందే చెప్పాల్సింది. లెచ్చె కింద తోటలు చాలా మటుకు చచ్చిపోయాయి. గల్లీపొలి దగ్గర 2013లో జైలెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. ఒక చిన్న పురుగు చెట్టు నుంచి చెట్టుకి మోసుకెళ్తుంది. చెట్టులో నీరు ఎక్కే నాళాలు మూసుకుపోయి నిలువునా ఎండుతుంది. లక్షల చెట్లు పోయాయి. నాలుగైదు తరాలు నూనె తీసిన చెట్లు బూడిద రంగులో, ఆకు లేకుండా, మైళ్ళ పొడుగునా. మొదటిసారి వెళ్ళినప్పుడు సైకిల్ ఆపి అలా నిలబడిపోయాను. 96 తుఫాను తర్వాత మా కోనసీమలో తలలు విరిగిన కొబ్బరితోటలు చూసినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. మా ఇంటి పక్క ముసలాయన రోజూ తోటలోకి వెళ్ళి ఊరికే కూర్చుని వచ్చేవాడు. అక్కడా ఒకాయన అలాగే కూర్చుని కనబడ్డాడు.

ఇప్పుడు కొన్నిచోట్ల ఆ తెగులును తట్టుకునే రకాలు కొత్తగా నాటుతున్నారు. మోకాలెత్తు మొక్కలు. నీడ కావాలంటే ఓస్తూని, ఫజానో మధ్య మైదానంలో తిరగండి. వందల ఏళ్ళ మానులు, ఒక్కోటి మెలికలు తిరిగి కొండచిలువలా ఉంటుంది. ట్రాజన్ చక్రవర్తి రెండో శతాబ్దం మొదట్లో వేయించిన దారి జాడ వెంబడే ఆ తోటల్లో తొక్కొచ్చు.

గొర్రెలమంద_దాటినవాడు
అయితే లెచ్చె కింది భాగం వదిలెయ్యమంటారా?

కొబ్బరిముక్క
లేదు. వెళ్ళండి, చూడండి. నీడ ఉంటుందనుకుని మాత్రం వెళ్ళకండి, టోపీ పెట్టుకోండి.

పెద్దకొండ_చిన్నగేరు
పూలియా పూలియా అంటున్నారు, బూటు వేళ్ళ వైపున్న కలాబ్రియా సంగతి? అక్కడ లైనో బోర్గో అనే ఊరి నుంచి రెజ్జో నగరం దాకా కొండల మీదుగా 545 కి.మీ. సైకిల్ దారికి బోర్డులు పెట్టారు. పొల్లీనో, సీలా, సెర్రె, ఆస్ప్రొమోంతె, నాలుగు అడవుల గుండా పోతుంది. కార్ల కంటే ఆవులెక్కువ. నిజమైన ప్రశాంతత అక్కడుంది, పూలియా అంతా ఇన్‌స్టా బేరం.

ఎదురుగాలి
వాళ్ళ మోకాళ్ళ సంగతి మొదటి పోస్టులోనే ఉంది, చదివారా? ఆ దారిలో రోజూ వెయ్యి మీటర్లు ఎక్కాల్సి వస్తుంది.

పెద్దకొండ_చిన్నగేరు
ఈ-బైక్ ఉందిగా. అదీకాక అక్కడ కారం తింటారండీ! ఇటలీ మొత్తంలో మన నాలుకకి తగ్గ ఊరు అదొక్కటే. ఎండుమిరపకాయల దండలు ఇంటి ముందు వేలాడతాయి.

పప్పుసుద్ద
కారం అన్నారుగా, నా ఓటు మార్చుకుంటున్నాను.

పాతగేర్
ఈసారికి పూలియానే. అక్టోబరు మొదటి వారం బుక్ చేశాం. వచ్చాక రాస్తాను.

గొర్రెలమంద_దాటినవాడు
అక్టోబరులో పొద్దు త్వరగా కుంకుతుంది. ఊరి బయట చీకటి పడ్డాక తొక్కితే మెరిసే జాకెట్ వేసుకోవాలి, అక్కడ చట్టం. సొరంగాల్లో పగలైనా వేసుకోవాలి. రెండు కొనుక్కోండి.

పాతగేర్
మూడు వారాల క్రితం వచ్చాం, ఆఫీసు పనిలో పడి ఇప్పుడు రాస్తున్నాను.

బస్సు హారన్ ఎన్నిసార్లు వినబడిందో మా ఆవిడ లెక్కపెట్టింది. మొత్తం మీద నాలుగు, అందులో రెండు అల్బెరోబెల్లోలోనే. కొంత్రాదా రోడ్ల మీద మేమిద్దరం పక్కపక్కనే మాట్లాడుకుంటూ తొక్కాం. ఇరవయ్యేళ్ళ కాపురంలో అంతసేపు ఎప్పుడు మాట్లాడుకున్నామో గుర్తు లేదు. సగం పిల్లల ఫీజుల గురించే అనుకోండి.

ఇబ్బందులూ ఉన్నాయి. మొనోపొలి పైన ఎత్తు దగ్గర సిగ్గుపడకుండా దిగి నడిపించాం. లోపలి ఊళ్ళకు వెళ్ళే చిన్న లైనులో ఆదివారం రైలు బదులు బస్సు వేశారు, అందులో సైకిళ్ళు ఎక్కనివ్వం అన్నారు. 30 కి.మీ. అదనంగా తొక్కాం, మోకాళ్ళు రాత్రంతా తెలుగులోనే మాట్లాడాయి. లెచ్చెలో వాన పడితే ఊరి మధ్య నున్నటి రాతి పలకల మీద ముందు చక్రం జారి నేను పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. పైనుంచి ఒక మామ్మగారు బాల్కనీలోంచి నన్ను పది నిమిషాలు కేకలేసింది. తిట్టిందో ఓదార్చిందో తెలియలేదు గానీ, మనవడితో దూది, స్పిరిట్ పంపింది.

ఎండిపోయిన తోటలు చూశాం. కొబ్బరిముక్క గారు ముందే చెప్పడం మంచిదైంది. లెచ్చె కింద మార్తానో అనే ఊరు దాటాక ఒక గంట మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు.

ఓత్రాంతో నుంచి లెవుకా వెళ్ళిన రోజు గాలి వీపునే ఉంది. కాస్త్రో తర్వాత కాసేపు ఆగాం. కింద సముద్రం, రోడ్డు మీద ఎవరూ లేరు, నాగజెముడు పళ్ళు ఎర్రగా కాసి ఉన్నాయి. ఒకటి కోయబోయి వేలికి సన్నముళ్ళు దించుకున్నాను. రెండు రోజులు పట్టింది తీయడానికి.

చివరి రెండు రోజులు బారీలో సైకిళ్ళు ఇచ్చేసి చిన్న రైల్లో మాతెరా వెళ్ళాం. గుహల ఊరు చూశాం, మందకుక్కలు తగల్లేదు.

కొబ్బరిముక్క
నాగజెముడు పండు చేత్తో కోశారా!! కోనసీమలో పుట్టుంటే ఆ పని చేసేవారు కాదు.

ఎదురుగాలి
నీళ్ళ కొళాయిలు కనబడ్డాయా?

పాతగేర్
అన్నీ. మీ పేరు తలుచుకునే తాగాం.

పప్పుసుద్ద
తిండి? ఒక్క ముక్క రాయలేదు!

పాతగేర్
మీ కోసమే ఆపాను. మాతెరాలో పెపెరోని క్రుస్కి అని పొడుగాటి ఎర్ర మిరపకాయలు. ఎండబెట్టి, నూనెలో ఒక్క క్షణం వేయించి ఇస్తారు, కరకరలాడతాయి. కారం ఉండదు, కాస్త తీపి. అచ్చం మన చల్లమిరపకాయలకి దూరపు చుట్టంలా ఉంది. మా ఆవిడ ఒకటి కొరికి, రెండో మాట లేకుండా మూడు ప్యాకెట్లు కొంది.

పప్పుసుద్ద
పెరుగన్నంలో నంజుకున్నారా లేదా? అది చెప్పండి.

పాతగేర్
ఇంటికొచ్చిన రాత్రే. ఒక ప్యాకెట్ అప్పుడే అయిపోయింది.